ఫాంటమ్ సినిమా ఇంతకాలం చూడలేదు. ఇప్పుడు చూడమంటారా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా ప్రశ్నకి ఈ సంగతి అవసరం, అందుకే ముందే చెబుతున్నాను.

మొన్న దసరాకి మా అబ్బాయి ఇంటికొచ్చాడు. బొమ్మల కథల్లో ముసుగేసుకుని అడవిని కాపాడే వీరుడు ఫాంటమ్ అంటే నాకు ప్రాణమని వాడికి తెలుసు. 1996లో వచ్చిన సినిమా ఎక్కడో దొరికిందని టీవీలో పెట్టబోయాడు. నేను వద్దన్నాను. వాడు బతిమాలాడు. నేను చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయి, ఏటి వైపు ఒక గంట తిరిగి వచ్చాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. ఎందుకు వద్దన్నానో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

1980, 81 నాటి మాట. నేను మూడో తరగతి. మా నాన్నగారు ఆఫీసు పని మీద బరంపురం వెళ్ళినప్పుడల్లా స్టేషన్లో పుస్తకాల కొట్టు దగ్గర ఇంద్రజాల్ కామిక్స్ ఒకటో రెండో కొనేవారు. ఇంగ్లిష్‌వి. నాకు ఒడియా చదవడం వచ్చు, తెలుగు చందమామ చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను, ఇంగ్లిష్ మాత్రం అక్షరాలే. మా అన్నయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. సాయంత్రం అరుగు మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదివేవాడు. చదివేవాడు అంటే, ఇంగ్లిష్ చూస్తూ నోటితో తెలుగు చెప్పేవాడు. అది కూడా పుస్తకాల తెలుగు కాదు, మా ఊరి తెలుగు. దొంగలు అడవిలో అడుగు పెట్టగానే ఫాంటమ్ చెట్టు చాటు నుంచి, "ఏట్రా, ఎవల్రా మీరు? నా అడవిలో మీకేటి పని?" అనేవాడు. కోపం వచ్చినచోట అన్నయ్య గొంతు పెంచేవాడు కాదు, తగ్గించేవాడు. మేమంతా ముందుకి వంగి వినేవాళ్ళం.

పేజీలో గీతలు గీసిన ఒక్కో గదిలోని బొమ్మ మీద వేలు పెట్టి, అందరం చూశాక గానీ పక్క గదికి వెళ్ళేవాడు కాదు. పేజీ చివర ఆగి "తిప్పనా?" అని అడిగేవాడు. మేం "తిప్పు తిప్పు" అని అరిస్తేనే తిప్పేవాడు.

ఫాంటమ్ ఉండే దేశం పేరు మా పుస్తకాల్లో దెంకాలి. అసలు కథల్లో ఆ పేరు బెంగాల్‌ని తలపించేలా ఉంటుందని ఇక్కడ మార్చి అచ్చువేశారట. అది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా మా రాష్ట్రంలో ఢెంకానాల్ అని ఒక ఊరుందని. దెంకాలి అంటే అదేననుకున్నాను. కటక్ దాటి ఇంకొంచెం పైకి వెళితే ఫాంటమ్ ఉండే పుర్రెగుహ వస్తుందని, పుట్టువెంట్రుకలు తీయించడానికి బంధువులు ఎవరైనా అటు వెళుతుంటే నన్నూ తీసుకెళ్ళమని ఏడ్చాను.

కాబట్టి నాకు ఫాంటమ్ డ్రెస్సు రంగు పట్టింపు లేదు. ఇటలీలో ఎరుపు, స్వీడన్‌లో నీలం వేసి అచ్చువేశారట, వాళ్ళకీ అతను ఫాంటమే. కథ మార్చినా సర్దుకుంటాను. నా భయం ఒక్కటే. సినిమాలో అతను మాట్లాడతాడు. ఎవరిదో గొంతు ఉంటుంది. అది ఒకసారి చెవిలో పడ్డాక మా అన్నయ్య గొంతు మిగులుతుందా?

బాగా ఇష్టపడిన బొమ్మల కథ సినిమాగా చూసినవాళ్ళు చెప్పండి. చూశాక మీ లోపలి గొంతు ఏమైంది?

బరంపురం టీచర్:

మహేంద్రతనయ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లోనూ ఇదే, ఇంట్లో తెలుగు, బయట ఒడియా.

నా అనుభవం చెబుతాను. అభిమానులం మనం ముందే భయపడతాం, చాలాసార్లు ఆ భయం తప్పని తేలుతుంది. 1989 బ్యాట్‌మన్ సినిమాకి మైకేల్ కీటన్‌ని పెట్టుకున్నారని తెలిసినప్పుడు, నవ్వించే పాత్రలు వేసేవాడికి ఈ పాత్రేమిటని అమెరికాలో జనం స్టూడియోకి ఉత్తరాలు రాశారు. 50,000 దాకా వచ్చాయని చెబుతారు. సినిమా వచ్చాక అదే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2006లో బ్యాట్‌మన్ శత్రువు జోకర్ పాత్రకి హీత్ లెడ్జర్ పేరు చెప్పినప్పుడూ ఇదే గొడవ. నేను కూడా పెదవి విరిచినదాన్నే. 2008లో ఆ సినిమాకి భువనేశ్వర్‌లో హాల్లో కూర్చున్నాను. ఆ మనిషి పెదాలు తడుపుకుంటూ మాట్లాడుతుంటే నాకు వెన్ను జలదరించింది. అప్పటికి ఆ అబ్బాయి బతికి లేడు. ఆ మరుసటి ఏడాది ఆస్కార్ వస్తే వాళ్ళ ఇంటివాళ్ళు అందుకున్నారు.

అందుకే అంటున్నాను, చూడండి. చూడకుండా భయపడటం కన్నా చూసి బాధపడటమే నయం. మీ అబ్బాయి అంత ప్రేమగా తెచ్చాడు కదా.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

టీచర్ గారూ, మా అబ్బాయి విషయంలో మీరన్నది నిజం. వాడికి ఫోన్ చేసి మాట్లాడాను.

కానీ నాది నటుడి గురించిన అనుమానం కాదండి. నటుడు గొప్పవాడైతే నా భయం ఇంకా ఎక్కువ. బాగా చేస్తే ఆ గొంతే మనసులో ఉండిపోతుంది కదా.

నాగావళి ఒడ్డు (రాయగడ):

సార్, నాది మీకు పూర్తిగా తిరగబడ్డ కేసు. నాకు సినిమా ముందు, పుస్తకం తర్వాత.

2007లో స్పైడర్‌మ్యాన్ మూడో భాగం తెలుగులో చూశాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. విజయనగరంలో మా మావయ్య తీసుకెళ్ళాడు. ముందు రెండు భాగాలు ఆ తర్వాత టీవీలో చూశాను, అవీ తెలుగే. ఎవరు డబ్బింగ్ చెప్పారో గానీ, ఆ గొంతే నాకు పీటర్ పార్కర్ గొంతు, అంటే స్పైడర్‌మ్యాన్ అయ్యే ఆ కుర్రాడిది. కాలేజీలో చేరాక ఒక ఫ్రెండ్ దగ్గర పాత కామిక్స్ పుస్తకాలు దొరికితే మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లిష్‌లో చదువుతున్నా నా చెవిలో తెలుగు గొంతే వినిపించేది. ఇప్పటికీ అంతే. అంటే మీరు భయపడుతున్నది జరుగుతుంది సార్. అబద్ధం చెప్పను. మొదట పడిన గొంతు గట్టిది. కానీ మీకు మొదట పడింది మీ అన్నయ్య గారిది కదా? నా లెక్క ప్రకారం అదే నిలబడాలి.

ఇంకో విషయం. పుస్తకాలు చదివాకే పాత అభిమానులు 2002 సినిమా మీద ఎందుకు కోప్పడ్డారో నాకు అర్థమైంది. సినిమాలో సాలీడు కుట్టగానే దారం మణికట్టులోంచి దానంతట అదే వస్తుంది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో చేసిన కథలో అలా కాదు. ఆ కుర్రాడు తనే ఒక పరికరం తయారుచేసుకుని చేతికి కట్టుకుంటాడు, దారం మందు కూడా తనే కలుపుకుంటాడు. పోట్లాట మధ్యలో అది అయిపోతే మనకి టెన్షన్. చేతిలో డబ్బుల్లేని స్కూలు పిల్లవాడు బుర్ర పెట్టి చేసుకున్న వస్తువు అది. మా నాన్న మిల్లులో ఫిట్టర్. పాత మోటారు విప్పి ఇంట్లో పంపు తయారుచేసిన మనిషి. అందుకని నాకు ఆ పరికరం అంటే పీటర్ మీద గౌరవం. సినిమా దాన్ని తీసేసి అతనికి పుణ్యానికి వచ్చిన శక్తిగా మార్చేసింది. 2012లో వచ్చిన సినిమాలో మళ్ళీ పరికరం పెట్టారు, అది చూసి హాల్లో నేను ఒక్కడినే చప్పట్లు కొట్టాను.

అయినా ఆ తెలుగు గొంతు లేకపోతే నేను పుస్తకాల దాకా వచ్చేవాణ్ణే కాదు. అది కూడా లెక్కలో వేయండి.

ప్రాణహిత (సిరొంచ):

నేను మహారాష్ట్ర వైపు. గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి దాటితే తెలంగాణ. మా దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇంటికి చందమామ, బడి లైబ్రరీకి దాని మరాఠీ అన్నదమ్ముడు చాందోబా వచ్చేవి. రెండిట్లోనూ ఒకే బొమ్మలు.

మీరడిగిన గొంతు ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. చందమామ బేతాళ కథల బొమ్మ మీరూ చూసే ఉంటారు. శంకర్ గారు వేసేవారు, 2020లో పోయారు. చేతిలో కత్తి, భుజాన శవం, ఎదురుగా చూస్తూ నడిచే రాజు. ఆ బేతాళుడి గొంతు నా మటుకు మా నానమ్మది. నిదానంగా, కొంచెం గుచ్చినట్టు. 1985లో దూరదర్శన్‌లో విక్రమ్ ఔర్ బేతాల్ వచ్చింది. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా చూశాను. అందులో బేతాళుడికి పొడుగాటి తెల్లజుట్టు, పెద్ద నవ్వు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు చందమామ తెరిస్తే ఆ నవ్వే వినబడేది. నానమ్మ గొంతు రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత సీరియల్ అయిపోయింది. పత్రిక మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. బొమ్మ అదే, రాజు అదే. ఒక రోజు చదువుతుంటే నానమ్మ తిరిగి వచ్చేసింది. నేను గమనించనే లేదు, ఎప్పుడొచ్చిందో.

కాబట్టి సినిమా చూడండి, చూశాక ఆ పుస్తకాలు మళ్ళీ చదవండి. మళ్ళీ మళ్ళీ చదివితే గొంతు తన చోటికి తను వస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. మీ ప్రశ్నకి ఇది నేరుగా జవాబు కాదు, కానీ ఫాంటమ్ పేరు వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఆ కథలంటే నాకూ ఇష్టమే. కానీ ఒక తెల్లవాడి వంశం నాలుగు వందల ఏళ్ళుగా అడవిలో సింహాసనం మీద కూర్చుని అక్కడి మనుషులకి తీర్పులు చెప్పడం ఇప్పుడు చదివితే మనసుకి పట్టదు. అతనికి కాపలా ఉండే పొట్టివాళ్ళ తెగ పేరు బందార్. హిందీ వచ్చిన మా పిల్లలకి ఆ మాట వింటే కోతే గుర్తొచ్చేది. మా క్లాసులో నా పక్కన కూర్చునేవాడు మాడియా గోండు తెగ కుర్రవాడు. ఆ పుస్తకం చేతులు మారుతుంటే అందరూ ఆ బొమ్మ చూసి వాడి వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. వాడు ఆ పుస్తకం ఇంక ఎప్పుడూ అడగలేదు. నలభై ఏళ్ళయింది, నాకు ఇంకా బాధగానే ఉంది.

అందుకని సినిమాగా తీసేటప్పుడు ఒక్క గీత కూడా మార్చకూడదనే అభిమానులతో నేను ఏకీభవించను. మార్చాల్సినవి ఉంటాయి. ఎవరికోసం మారుస్తున్నారన్నదే నేను చూస్తాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ప్రాణహిత గారూ, ఆ బెంచీ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఊరికి పైన మహేంద్రగిరి కొండల్లో సవరలు ఉంటారు, సంతకి దిగి వచ్చేవారు. అన్నయ్య ఆ బందార్ తెగ పెద్ద గురాన్ పాత్ర చెప్పేటప్పుడు మాత్రం గొంతు మార్చేవాడు కాదు, ఎగతాళిగా చెప్పేవాడు కాదు. ఫాంటమ్ ఎలా మాట్లాడతాడో గురాన్ కూడా అలాగే. అప్పుడు నాకు అదేమీ విశేషం అనిపించలేదు. ఇప్పుడు మీరు చెప్పాక అనిపిస్తోంది.

మళ్ళీ చదవమన్నారు. నా దగ్గర చదవడానికి పుస్తకాలు లేవండి. అన్నయ్యవీ నావీ కలిపి నలభైకి పైగా రేకు పెట్టెలో దాచుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరటి గది గోడ కూలి నీళ్ళొచ్చాయి. మూడో రోజు పెట్టె తెరిస్తే కాగితం ముద్ద. ఎండలో పెట్టి విడదీయాలని చూశాను. ఒక్క పేజీ కూడా రాలేదు. నా భయం ఇంతగా ఉండడానికి కారణం అదే. తిరిగి వెళ్ళడానికి నాకు ఇప్పుడు ఆ గొంతు తప్ప ఏమీ లేదు.

దేవమాలి (జయపురం, కొరాపుట్ జిల్లా):

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. అందులో ఏముందో ఉన్నదున్నట్టు చెబుతాను, నిర్ణయం మీది.

కథ 1938లో జరుగుతుంది. ఫాంటమ్ బిల్లీ జేన్. కండలు కనిపించడానికి మెత్తలు కుట్టిన డ్రెస్సు వద్దని, తనే వ్యాయామం చేసి ఒళ్ళు పెంచుకున్నాడట. చూస్తే తెలుస్తుంది. కళ్ళు మాత్రం కనిపిస్తాయి. మన పుస్తకాల్లో ముసుగులో తెల్లగా, పాప లేకుండా ఉండేవి కదా, ఆ భయం సినిమాలో లేదు. నాకు అదే పెద్ద లోటు. గుర్రం ఉంది, తోడేలు ఉంది, పుర్రె ఉంగరం ఉంది. చనిపోయిన తండ్రి కనిపించి కొడుకుతో మాట్లాడుతుంటాడు. మన పుస్తకాల్లో సింగా అని మార్చిన ఓడదొంగలు ఇందులో సెంగ్ అయ్యారు. సుమారు 4.5 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి తీస్తే అమెరికాలో 1.7 కోట్లు వచ్చాయి. దెబ్బతింది. కానీ చెడ్డ సినిమా కాదు. వెటకారం చేయకుండా తీశారు. 1936లో ఈ కథ మొదలుపెట్టిన లీ ఫాక్ అప్పటికి బతికే ఉన్నారు.

మీకు ఒక్క సంగతి మాత్రం చెప్పాలనిపిస్తోంది. పుస్తకాల్లో మొదటి ఫాంటమ్ కథ మళ్ళీ చెప్పేటప్పుడు పైన ఒక వాక్యం ఉండేది గుర్తుందా? ఆలస్యంగా వచ్చినవారి కోసం అని. సినిమా ఆ వాక్యంతోనే మొదలవుతుంది. తెర మీద ఆ అక్షరాలు పడతాయి. నాకు అప్పుడే కళ్ళు చెమర్చాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

దేవమాలి గారూ, నేను ఆ వాక్యం మర్చిపోయాను. మీరు రాసింది చదవగానే అది నాకు ఇంగ్లిష్‌లో గుర్తు రాలేదు. "ఆలీసంగా వచ్చినోల్ల కోసం" అని అన్నయ్య గొంతులో వినబడింది.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు పాలు పోసి వచ్చేసరికి మాకు సగం పుస్తకం అయిపోయేది. వాళ్ళు అరుగెక్కగానే అన్నయ్య వేలు తీసేసి, ఆ మాట అని, మొదటి నుంచి మళ్ళీ చెప్పేవాడు. సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన మనిషి, పుర్రె మీద చేసిన ప్రమాణం, అంతా. నాకు విసుగు వచ్చేది, తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఉండేది. అన్నయ్య ఒక్కసారి కూడా తగ్గించి చెప్పలేదు.

నిన్న రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. రిటైరయ్యి గుణుపూర్‌లో ఉంటున్నాడు. ఈ మధ్యే రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. సినిమా సంగతి చెప్పాను. నా భయం కూడా చెప్పాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గుర్రం ఉందా?" అని అడిగాడు. ఉందట అన్నాను. "తోడేలో?" అదీ ఉందట అన్నాను. "అయితే సౌండ్ తీసేద్దాం. మాటలు నాను చెప్తాను" అన్నాడు.

శనివారం పొద్దున్న గుణుపూర్ బండికి వెళుతున్నాను. మా అబ్బాయి కూడా వస్తున్నాడు. రిమోట్ వాడి చేతిలో ఉంటుంది. అన్నయ్య "తిప్పనా?" అన్నచోట ఆపాలని, మేం తిప్పమంటేనే మళ్ళీ నడపాలని చెప్పాను.